తలుపు మాత్రమే మంజూరైన ఛాంబర్

మనిషికి ఇంట్లో గది ఉంటుంది. ఆఫీసులో గది అనేదే ఉండదు. అక్కడ ఉండేవి హాలు, క్యాబిన్, రూము, ఛాంబర్. వీటి మధ్య తేడా తెలియనివాడు ఎన్ని డిగ్రీలు సంపాదించినా హాల్లోనే రిటైరవుతాడని పెద్దలు ఊరికే అనలేదు. (ఏ పెద్దలు అంటారా? వాళ్లంతా ఛాంబర్లలో ఉన్నారు. కలవాలంటే స్లిప్పు రాసి పంపాలి.)

సర్టిఫికెట్ల ఆఫీసు సూపరింటెండెంటు గారికి ఆ తేడా బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన కూర్చున్నది హాల్లోనే మరి. వెనక బీరువాలు, ముందు జనం, నెత్తిన కిర్రుకిర్రుమనే ఫ్యాను. పోనీ ఇంటికెళితే సుఖమా అంటే, అక్కడ రెండు గదుల్లో ఆరుగురు. ఆయన తలుపు వేసుకుని కూర్చోగలిగిన చోటు బాత్రూమొక్కటే, అదీ బయట ఇంకొకరు బకెట్టు పట్టుకుని నిలబడేదాకానే. అందుకే ఆయనకి ఒకే ఒక్క కోరిక మిగిలింది. రిటైరయ్యేలోగా ఛాంబర్లో కూర్చోవాలి, అది భార్య కళ్లారా చూడాలి.

"చూద్దాంలెండి," అనేది ఆవిడ. పెళ్లయిన కొత్తలో ఆశగా అనేది. ఈమధ్య కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అంటోంది.

సర్వీసు ఇంకా మూడు నెలలుందనగా ప్రమోషన్ వచ్చింది. ఆ హోదాకి ఛాంబర్ తప్పనిసరి. ఆఫీసులో మాత్రం ఖాళీ గది లేదు. ఉన్న ఒక్కదాంట్లో, గదులు చాలడం లేదంటూ వచ్చిన అర్జీలు దాచారు. విషయం పైనున్న గదుల నామకరణ విభాగానికి వెళ్లింది. (ఆ విభాగానికి ఇంకా గది దొరకలేదు. ప్రస్తుతం మెట్ల కింద పనిచేస్తోంది.)

ఆ విభాగపు డిప్యూటీ నామకర్త గారు ఆరు వారాలు ఆలోచించి తీర్పు చెప్పారు. గోడలు సీలింగుకి అందకపోతే అది క్యాబిన్. అందితే రూము. అయితే రూములోకి ఎవరైనా తోసుకుని వచ్చేయవచ్చు. తలుపు తట్టి, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా జనం బయట ఆగితే తప్ప దాన్ని ఛాంబర్ అనరాదు. కాబట్టి ఛాంబర్‌కి ప్రాణం తట్టడంలో ఉంది తప్ప గోడల్లో లేదు. తలుపు తక్షణమే మంజూరు. గోడలు రెండో విడతలో.

వారం తిరక్కుండా వడ్రంగి వచ్చి, హాలు నడిమధ్యన, సూపరింటెండెంటు గారి టేబిలుకి మూడడుగుల ముందు గుమ్మం నిలబెట్టి, తలుపు బిగించి, పైన ఇత్తడి బోర్డు కొట్టి వెళ్లాడు. తలుపుకి అటూ ఇటూ గాలే. గోడలు రావలసిన చోట నేల మీద సుద్దముక్కతో గీతలు గీశారు. గీత దాటడం గోడ పగలగొట్టడంతో సమానమని సర్క్యులర్ అంటించారు.

మొదటిరోజు జనం నవ్వారు. రెండోరోజు గొణిగారు. మూడోరోజుకి బుద్ధిగా తలుపు ముందు వరస కట్టి తట్టడం మొదలుపెట్టారు.

బతికున్నట్టు సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక ముసలాయన గీత అవతల, టేబిలుకి మూరెడు దూరంలో నిలబడి, ఒక్క సంతకం బాబూ అని కాగితం చాచాడు. హాల్లో ఉన్న రోజుల్లో అయితే చిటికెలో అయిపోయే పని. సూపరింటెండెంటు గారు పాపం తల తిప్పబోయారు. తలుపు దగ్గర కాపలా పెట్టిన అటెండరమ్మ ఊరుకోలేదు.

"గోడలోంచి మనుషులు కనబడతారా సార్? అటు చూడకండి."

ఆయన చూడలేదు. రెండు రోజులు మనసు పీకింది. తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, హాయిగా ఉంది.

ఇక స్లిప్పులు. పేరు, సంబంధం, వచ్చిన పని రాసి అటెండరమ్మకి ఇస్తే ఆవిడ తలుపు తీసుకుని లోపలికి తెచ్చేది. తట్టగానే పిలిస్తే ఛాంబర్ హోదా పడిపోయి రూమైపోతుందని రెండో సర్క్యులర్ కూడా వచ్చింది, అందుకని ఆయన ప్రతి స్లిప్పు మీదా "రేపు రమ్మనండి" అని రాసి సంతకం పెట్టేవారు. చదవడం మొదటి వారంలోనే మానేశారు.

చివరి రోజు వచ్చింది. మధ్యాహ్నం వచ్చి ఛాంబర్ చూడమని ఆయన భార్యకి పదిసార్లు చెప్పి బయల్దేరారు. ఆవిడ మంచి చీర కట్టుకుని పొద్దున్నే వచ్చేసింది. గాల్లోంచి భర్త నిక్షేపంగా కనిపిస్తుంటే నవ్వుకుంటూ నేరుగా అటు నడిచింది.

"అమ్మా, గోడ!" అంది అటెండరమ్మ.

ఆవిడ కిందికి చూసింది, పైకి చూసింది. వెనక్కి తిరిగి వచ్చి తలుపు తట్టింది. స్లిప్పు మీద సంబంధం దగ్గర భార్య అని, పని దగ్గర ఛాంబర్ చూడటానికి అని రాసింది. నిమిషంలో స్లిప్పు తిరిగొచ్చింది. చదువుకుని, మడిచి, పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది.

భార్య ఇంకా రాలేదని సూపరింటెండెంటు గారు సాయంత్రం దాకా తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు. దండ వేసేటప్పుడు అటెండరమ్మే చెప్పింది.

"అమ్మగారు పొద్దున వచ్చారుగా సార్. మీరే రేపు రమ్మన్నారు."

ఆయన దండ తీయడం కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తారు. ముప్పై ఏళ్లలో పగటిపూట ఎప్పుడూ మూయని వీధి తలుపు మూసి ఉంది. లోపల మిగతా ఐదుగురి మాటలూ వినబడుతున్నాయి. తట్టారు. మాటలు ఆగాయి. ఛాంబర్ మర్యాదకి ఎంతసేపు ఆగాలో సరిగ్గా అంతసేపు ఆగి, తలుపు కింద నుంచి ఒక స్లిప్పు బయటికి వచ్చింది.

రేపు రమ్మనండి, అని ఉంది. కింద సంతకం తనదే. నామకర్త గారి తీర్పు ప్రకారం ఆ రెండు గదుల కొంప ఇప్పుడు అక్షరాలా ఛాంబర్. పైగా దానికి గోడలు కూడా ఉన్నాయి.