బుట్టలో ఇరవై మూడు ప్రాణాలు

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై నాలుగో ఏట, మా ఆయన పోయిన మరుసటి శీతాకాలంలో. ఇప్పటికీ ఒక్కో మాటనూ మెట్టులా ఎక్కుతాను, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటాను. ఈ కాస్త రాయడానికి రెండు వారాలు పట్టింది. అక్షర దోషాలు పత్రికవాళ్లు దిద్దుతారట. మిగతా దోషాలు నావే.

ఇక విషయానికి వస్తాను. మా లిమరిక్ నగరంలోని ప్రతి వ్యాపార భవనానికీ ఫోన్‌లో పనిచేసే భద్రతా యాప్ ఒకటి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటారా? మా బిల్డింగుకి అది వచ్చినప్పటి నుంచి ఎవరూ ప్రమాదంలో పడటానికి వీల్లేదు. పడినా అది లెక్కలోకి రాదు!

మాది నాలుగంతస్తుల పాత ఇటుక భవనం. రెండో అంతస్తులో నాకు బట్టలు సరిచేసే దుకాణం ఉంది. లావైన వాళ్లకు వదులు చేస్తాను, సన్నబడ్డామనుకునే వాళ్లకు మాట్లాడకుండా అదే కొలత తిరిగి ఇస్తాను. నా కింద అట్రాక్టా హెహిర్ పాదాలకు వైద్యం చేస్తుంది. నా పైన మలకీ స్ట్రిచ్ కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. విమాన టికెట్ల వాళ్లూ వకీళ్లూ అందరం కలిపి అద్దెకున్న వాళ్లం ఇరవై ముగ్గురం.

యాప్ రాకముందు మా ప్రాణాలు మోసీ ఫెంటన్ చేతిలో ఉండేవి. మోసీ ముప్పై ఒక్క ఏళ్లుగా మా బిల్డింగ్ కాపలాదారు. అతని దగ్గర పరికరాలు రెండే. మూతపడ్డ ఏదో బడి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చేతిగంట ఒకటి. జేబులో సుద్దముక్క ఒకటి.

ఏడాదికి రెండుసార్లు, నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో మాతో అభ్యాసం చేయించేవాడు. పై అంతస్తు నుంచి గంట కొట్టుకుంటూ దిగేవాడు. ప్రతి గదిలోకీ తల దూర్చేవాడు. "స్ట్రిచ్, ఆ పళ్లు అక్కడ పెట్టి దిగవయ్యా, అవి నీ వెంట పడి కరవవు!" అనేవాడు. నన్ను చూసి, "నోనీ, నీ గొంతు ఎప్పుడో వీధిలోకి వెళ్లిపోయింది, నువ్వెప్పుడు కదులుతావు?" అనేవాడు. గది ఖాళీ అయితే తలుపు మీద సుద్దతో ఒక అడ్డగీత. చివరికి ఎదురు పేవ్‌మెంట్ మీద మమ్మల్ని వానలో నిలబెట్టి, వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టేవాడు.

ఎంత మొరటుతనం! నాగరికులైన మనుషులని గొర్రెల్లా లెక్కపెట్టడమా?

సెప్టెంబరులో మాకు విముక్తి దొరికింది. యజమానుల తరఫున కార్మక్ డివేన్ అనే మేనేజరు డబ్లిన్ నుంచి వచ్చాడు. మంచి కుర్రాడే, బూట్లు మాత్రం గుండుసూదికంటే సన్నగా ఉంటాయి. మాకు జామ్‌తో స్కోన్లనే రొట్టెలు పెట్టి, గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపించాడు.

"మిసెస్ హార్టిగన్, ఇకనుంచి మీ ప్రాణం మీ అరచేతిలోనే ఉంటుందండీ," అన్నాడు.

నా ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరగడం అప్పుడే మొదలైంది.

ఆ యాప్ మా మీద చూపే శ్రద్ధ మా అమ్మ కూడా చూపలేదు. మెట్లు తడిగా ఉంటే చెబుతుంది. మెట్లు ఆరితే చెబుతుంది. గాలి వీస్తోందని చెబుతుంది. గాలి వీయని లిమరిక్‌ని మీరెప్పుడైనా చూశారా? ఒక్క వారంలో నలభై ఒక్క సందేశాలు! స్ట్రిచ్ ముప్పావుగంట సేపు లిఫ్టులో ఇరుక్కుపోయినప్పుడు, లోపలే అతనికి సందేశం వచ్చింది: "లిఫ్టు పనిచేయడం లేదు. దయచేసి మెట్లు వాడండి." అంత తీరిగ్గా చదువుకునే చోటు అతనికి ఇంకెక్కడ దొరుకుతుంది?

ప్రతి సందేశం కింద ఒక ఆకుపచ్చ బటన్ ఉంటుంది. దాని మీద 'చదివాను' అని ఉంటుంది. అది నొక్కేదాకా ఫోన్ ఊరుకోదు. అందుకని అందరూ చూడకుండానే నొక్కేస్తారు.

ఇందులో నాకు ప్రత్యేకమైన ఆనందం ఉంది. అరవై ఏళ్లపాటు నేను బ్యాంకులో, డాక్టరు దగ్గర, చర్చిలో, చదవని కాగితాలను చదివినట్టు తల ఊపాను. లోకంలో అలాంటి దాన్ని నేనొక్కదాన్నే అని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు చూడండి! మా వకీలు చదవకుండా నొక్కుతున్నాడు. పాదాల వైద్యురాలు చదవకుండా నొక్కుతోంది. ఈ యాప్ చదువుకున్న వాళ్లందరినీ నా పక్కన తెచ్చి నిలబెట్టింది.

అన్నిటికంటే గొప్ప సౌకర్యం బుధవారం అభ్యాసం. ప్రతి బుధవారం సరిగ్గా పదకొండు గంటలకు గోడలకున్న సైరన్ మోగుతుంది. మనం ఎదురు పేవ్‌మెంట్ మీద కంచె దగ్గరికి చేరితే, యాప్‌లో మన చుక్క ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. అన్ని చుక్కలూ ఆకుపచ్చ అయితే నూటికి నూరు. ఎవరి చుక్కైనా ఎర్రగా మిగిలితే వాళ్లకి కఠినమైన ఉత్తరం.

చిక్కల్లా ఒక్కటే. పదకొండు గంటలంటే టీ వేళ. ఈ దేశంలో పదకొండు గంటల టీని వదిలి లేచేవాడు ఇంకా పుట్టలేదు. పైగా వాన.

మరి ఆ యాప్ గుర్తుపట్టేది ఎవరిని? నన్నా, నా ఫోన్‌నా?

ఈ ప్రశ్న మొదట అడిగింది అట్రాక్టా. "నోనీ, నువ్వు ఎలాగూ పదకొండుకి ముందు బన్నులకని బేకరీకి వెళ్తావు కదా. నాది కూడా పట్టుకెళ్లు తల్లీ," అంది. మరుసటి వారం స్ట్రిచ్ ఇచ్చాడు. మూడో వారానికి నా చేతిలో మూత ఉన్న బుట్ట, అందులో ఇరవై మూడు ఫోన్లు, తడవకుండా పైన టీ టవల్. నేను కంచె దగ్గర గొడుగు వేసుకుని నిలబడేదాన్ని. ఇరవై మూడు చుక్కలూ ఆకుపచ్చ! పైన ఇరవై ఇద్దరు హాయిగా టీ తాగేవారు.

నాలుగు నెలలు వరసగా నూటికి నూరు. మా హాల్లో గాజు ఫ్రేములో ప్రశంసాపత్రం వేలాడింది. దాని కింద ఒక గాజు పెట్టెలో మోసీ గంటని పెట్టి, 'పాతకాలపు భద్రతా పరికరం' అని చీటీ అతికించారు.

తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. అన్ని మార్కులు తెచ్చుకున్న బిల్డింగుకి కాపలాదారు అవసరం లేదని తేలిందట. ఫిబ్రవరి చివరి బుధవారంతో మోసీ పని ముగుస్తుందట.

ఆ ఉత్తరాన్ని మోసీకి చదివి వినిపించింది నేనే. అతను కళ్లద్దాలు మరిచిపోయానన్నాడు. ఆ మాట నేను అరవై ఏళ్లు వాడుకున్నదే. అందుకని ఏమీ అడక్కుండా చదివాను.

"నూటికి నూరా? మీరంతా ఎప్పుడు దిగారు నోనీ? నాకు కనబడలేదే!" అన్నాడు.

నేను బుట్టని బల్ల కిందికి కాలితో తోశాను.

ఆ చివరి బుధవారం రానే వచ్చింది. పదకొండుకి పది నిమిషాల ముందు టీసీ రడ్‌ల్ అనే ఎనభై రెండేళ్ల ఆవిడ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. మనవరాలికి చర్చిలో జరిగే కన్ఫర్మేషన్‌కి తను వేసుకునే ఆకుపచ్చ గౌను సరిచేయాలి. తెర వెనక ఆవిడని నిలబెట్టి నడుము చుట్టూ గుండుసూదులు గుచ్చాను. ఇంతలో తలుపు దగ్గర బుట్ట నిండిపోయింది.

"ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను టీసీ. కదలొద్దు, గుచ్చుకుంటాయి," అని చెప్పి దిగాను.

పదకొండుకి రెండు నిమిషాలుండగానే కంచె దగ్గర ఉన్నాను. సైరన్ మోగింది. బుట్టలో ఫోన్లన్నీ తేనెపట్టు కదిలినట్టు రొద చేశాయి. తలెత్తి చూస్తే మా హాలు తలుపులోంచి పొగ వస్తోంది.

మెట్ల కింద మోసీ చీపుర్లూ బకెట్లూ ఉండే అర ఒకటి ఉంది. వాటిని బయటపడేసి, ఈ యాప్‌కి కావలసిన యంత్రాన్ని అక్కడ బిగించారు. పొగ అక్కడి నుంచే. అయినా పైన ఎవరూ కదల్లేదు. ఎందుకు కదులుతారు? బుధవారం, పదకొండు గంటలు, సైరన్. అదొక టీ గంట అయిపోయింది!

మోసీ దగ్గర తాళాలు తీసుకోవడానికి డివేన్ ఆ రోజే వచ్చాడు. చేతిలో పలకంత స్క్రీను పట్టుకుని పేవ్‌మెంట్ మీదికి పరిగెత్తాడు. ఫైర్ ఇంజన్ వచ్చింది. అందులోంచి దిగిన అధికారిణి నేరుగా అతని దగ్గరికి వెళ్లింది.

"లోపల ఎంతమంది?"

"ఎవరూ లేరండీ. ఇరవై ముగ్గురూ బయటే ఉన్నారు. ఇదిగో, అందరూ ఆకుపచ్చ."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "నాకు గొడుగు పట్టుకున్న ఒక్క ముసలావిడే కనిపిస్తోంది."

"లేదండీ, ఇక్కడే ఉన్నారు. ఈ చోటునే చూపిస్తోంది!"

నేను టీ టవల్ తీశాను. జీవితంలో అంత బరువైన గుడ్డను నేనెప్పుడూ ఎత్తలేదు. "ఉన్నారమ్మా," అన్నాను. "అందరూ ఇందులోనే ఉన్నారు."

ఆవిడ బుట్టలోకి చూసి వెంటనే తన వాళ్లని కేకేసింది.

సరిగ్గా అప్పుడే లోపల గాజు పగిలిన చప్పుడు, కాసేపటికి పైనుంచి గంట. ఇత్తడి గంట! అప్పటిదాకా మెట్ల కింద మంట ఆర్పబోయిన మోసీ మోచేత్తో పెట్టె పగలగొట్టి, పైకి వెళ్లి, దిగుతూ కొడుతున్నాడు. ఆ గంట విన్నాక టీ కప్పులు వదిలారు మా వాళ్లు. అట్రాక్టా వచ్చింది, వెనక ఆమె పేషెంటు ఒకాయన తడి కాళ్లతో, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి. స్ట్రిచ్ ఎవరివో పై పళ్లు పట్టుకుని వచ్చాడు. ఆ పళ్ల సొంతదారు నోరు మూసుకుని అతని వెనకే వచ్చాడు.

చివర మోసీ, దగ్గుతూ. రాగానే వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు.

"ఇరవై అయిదు. ఒకరు తక్కువ."

"మిస్టర్ ఫెంటన్, ఇరవై ముగ్గురే కదండీ జాబితాలో ఉన్నది!" అన్నాడు డివేన్. "మీ లెక్కలో ఇద్దరు ఎక్కువే ఉన్నారు!"

"నీ జాబితా నీ దగ్గరే ఉంచుకో నాయనా. పొద్దున్నుంచి నువ్వు కాక ఈ తలుపు ఇరవై ఆరుగురికి తీశాను. ఊదా టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఒకావిడ పైకి వెళ్లింది. దిగలేదు."

నా చేతిలోంచి బుట్ట జారిపోయింది.

టీసీకి ఫోన్ లేదు. ఉన్నా ఆవిడ అద్దెదారు కాదు. జాబితాలో ఆవిడ పుట్టనే లేదు. కదలొద్దన్నది నేనే, ఈ కంగారులో ఆవిడని మరిచిందీ నేనే.

"నా తెర వెనక," అన్నాను. "రెండో అంతస్తు."

మోసీ ముఖం పాలిపోయింది. "నువ్వు దిగడం చూశాను కదా నోనీ. నీ గది ఖాళీ అనుకుని వదిలేశాను." అతను మళ్లీ లోపలికి పరిగెత్తబోతే అధికారిణి కోటు పట్టుకుని ఆపింది.

"ఏ తలుపో చెప్పండి చాలు."

"ఎడమవైపు. సుద్దగీత లేని తలుపు అదొక్కటే."

ముసుగులు పెట్టుకుని ఇద్దరు వెళ్లారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. యాప్‌కి తెలిసి ఉంటుంది. కింద పడ్డ ఫోన్లన్నీ ఒకే సందేశంతో వెలిగాయి: "అందరూ క్షేమం. మీ సహకారానికి ధన్యవాదాలు." ఒక్కరూ వంగి 'చదివాను' నొక్కలేదు.

టీసీని ఎత్తుకుని తెచ్చారు. ముఖమంతా మసి, టోపీ మాత్రం తిన్నగా ఉంది. ఆవిడని మోసినతను గుండుసూదులు గుచ్చుకుని చేతులు దులుపుకుంటున్నాడు. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టబోతే, ఆవిడ ఆ గొట్టం పక్కకి జరిపి నన్ను పిలిచింది.

"కదలొద్దన్నావు, కదల్లేదు. అయినా చూడు నోనీ, ఎడమ పక్క ఇంకా వదులుగానే ఉంది."

నేను పేవ్‌మెంట్ మీద కూర్చుని ఏడ్చాను. మోసీ నా మీద గొడుగు పట్టాడు.

వారం తర్వాత కంపెనీ నివేదిక ఫోన్‌లో వచ్చింది. మా బిల్డింగ్ ఖాళీ కావడానికి పట్టిన సమయం సున్నాకి రెండు నిమిషాలు తక్కువట! నిప్పు కంటే ముందే మేం బయటపడ్డామని, దేశంలో మరే బిల్డింగూ ఇంత చురుగ్గా లేదని మెచ్చుకున్నారు. పగిలిన గాజు పెట్టెకి విచారం తెలిపారు. మోసీ పని అనుకున్న రోజునే ముగిసింది.

ఇప్పుడు బుధవారాలు ఇలా జరుగుతున్నాయి. పదకొండుకి మేమందరం ఫోన్లు బల్లల మీద వదిలి, కప్పులు పట్టుకుని దిగుతాం. కంచె దగ్గర మోసీ గంట పట్టుకుని ఉంటాడు, జీతం లేని మోసీ. తలలు లెక్కపెడతాడు. ఎంతమంది పేషెంట్లున్నారు, ఎవరి గదిలో ఎవరు కూర్చున్నారు అని పేరుపేరునా అడుగుతాడు. స్ట్రిచ్‌ని తిడతాడు. వానలో టీ పలచబడుతుంది.

యాప్‌లో మాత్రం ఇరవై మూడు చుక్కలూ ఎర్రగానే ఉంటాయి. దాని లెక్కలో గత బుధవారం మేమందరం మాడిపోయాం. డివేన్ డబ్లిన్ నుంచి కంగారుగా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడట. పైన ఖాళీ గదుల్లో బల్లల మీద ఇరవై మూడు ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి.

ఆ తర్వాత అతని నుంచి ఉత్తరం వచ్చింది. సున్నా మార్కులకు సంజాయిషీ అడిగాడు. కింద అదే ఆకుపచ్చ బటన్, 'చదివాను' అని. ఈసారి నేను నిజంగానే చదివాను. పదకొండు పేజీల నివేదికని కూడా మొదటి నుంచి చివరిదాకా, వేలు పెట్టి, రెండేసిసార్లు చదివాను. అందులో మోసీ పేరు లేదు. టీసీ పేరూ లేదు.

'చదివాను, ఒప్పుకోను' అనే బటన్ కోసం స్క్రీనంతా వెతికాను. అలాంటిది పెట్టలేదు. అందుకే కలం పట్టాను.

నోనీ హార్టిగన్,
వయసు డెబ్బై మూడు,
గారియోవెన్, లిమరిక్.