సిగ్గు నిర్మూలన

"నూరు రోజుల్లో ప్రజలందరినీ సిగ్గు లేనివాళ్లుగా తీర్చిదిద్దుతాం. ఈ విషయంలో మొదటి అడుగు నాదే" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు.

విలేకరులు రాసుకున్నారు. మూలన కూర్చున్న ప్రకటనల గుమాస్తా మాత్రం ఒక్క క్షణం పెన్ను ఆపి, ఆ వాక్యానికి ముందు "మూర్ఛ వ్యాధి విషయంలో" అని చేర్చాడు. పన్నెండేళ్లుగా ఆయన ఉద్యోగం అదే. మంత్రిగారు అన్నదాన్ని, మంత్రిగారు అనబోయినదిగా మార్చడం.

మంత్రిగారి సదుద్దేశాన్ని శంకించడానికి లేదు. ప్రభుత్వాసుపత్రిలో నరాల డాక్టరమ్మ ఒకావిడ, పాత మందులకు లొంగని మూర్ఛకు కొత్త మాత్ర ఒకటి మూడేళ్లుగా పరీక్షిస్తోంది. వేసుకున్నవాళ్లలో చాలామందికి ఫిట్స్ సగానికి తగ్గాయనీ, కొందరికి పూర్తిగా ఆగాయనీ ఆవిడ రాసిన వ్యాసం పెద్ద పత్రికలో అచ్చయింది. దాని చివర ఒక వాక్యం ఉంది. రోగుల్లో ఎక్కువమంది సిగ్గుతో జబ్బును దాచుకుంటున్నారని. మంత్రిగారు వ్యాసం చదవలేదు గానీ ఆ వాక్యం మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. జబ్బు సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది, సిగ్గు సంగతి తాను చూసుకుంటానని అక్కడికక్కడే పని పంచేశారు.

ఆ పరిశోధనలో నలభై ఒకటో నంబరు రోగి మన గుమాస్తాయే. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. డాక్టరమ్మ, ఆయన భార్య. ఆఫీసు సొరుగులో ఆ మాత్రలు విటమిన్ల సీసాలో ఉండేవి. పదకొండు నెలలుగా ఆయన ఒక్కసారీ పడలేదు.

బహిరంగ సభ అనుకున్నారు. వేదిక మీదికి ఒక రోగి కావాలి. శాఖలో మూర్ఛ ఉన్నవాళ్లు ధైర్యంగా పేరు ఇవ్వవలసిందని సర్క్యులర్ వెళ్లింది. రెండు వేల నూట నలభై మంది సంతకం చేసి తిప్పి పంపారు. అందరూ "లేదు" అనే రాశారు. గుమాస్తా కూడా.

"చూశావా! నేనొచ్చాక ఒక్కడికీ లేదు" అని మంత్రిగారు సంతోషించారు.

"లేకపోతే స్టేజీ మీద ఎవర్ని చూపిద్దాం సార్?" అన్నాడు పి.ఏ.

రోగిలా పడి చూపించే వేషానికి స్క్రిప్టు రాయించి, నాటకాల వాళ్లను అడిగారు. హంతకుడి వేషమైనా వేస్తాం గానీ ఇది మాత్రం వద్దన్నారు.

"ఆ స్క్రిప్టు రాసిందెవరు?" అని అడిగారు మంత్రిగారు.

"మన గుమాస్తాయే సార్."

"ఇంకేం మరి. రాసినవాణ్ణే పడమను."

అలా మూర్ఛ ఉన్న మనిషికి, మూర్ఛ ఉన్నట్టు నటించే బాధ్యత అప్పగించబడింది. రిహార్సల్ మీటింగు హాల్లో. పి.ఏ. కుర్చీలో వెనక్కి వాలి పరీక్షగా చూశాడు.

"అదేంటండీ, బస్సులో సీటు దొరికినట్టు కూలబడుతున్నారు! ఫిట్స్ వచ్చినవాణ్ణి ఎప్పుడైనా చూశారా అసలు?"

"లేదండీ" అన్నాడు గుమాస్తా. ఆ ఆఫీసులో ఆయన చెప్పిన కొద్ది నిజాల్లో అదొకటి.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు విప్పకుండానే వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, నేను ఎలా పడతాను?"

భార్య స్టవ్ ఆపేసింది. "ఏమైందండీ? మళ్లీ వచ్చిందా?"

"లేదు. ఆఫీసు పని."

విషయమంతా చెప్పాడు. ఆవిడ కొంగు దోపుకుని గది మధ్యకొచ్చింది. "ముందు మాట మధ్యలో ఆగిపోతారు. నన్నే చూస్తుంటారు గానీ నేను కనపడను. తల ఎడమకు తిరుగుతుంది. గొంతులోంచి ఒక కేక వస్తుంది. అది మీ గొంతులా ఉండదు." అంటూనే బిర్రబిగుసుకుని, నేలమీద వాలి చేతులు కొట్టుకోసాగింది. మోచెయ్యి గిన్నెల బీరువాకు ఠక్కు ఠక్కున తగులుతోంది.

"తర్వాత?"

"తర్వాత మీ తల కింద నేను చెయ్యి పెడతాను."

ఆయన గబుక్కున కూర్చుని ఆవిడ తల కింద చెయ్యి పెట్టాడు. "ఎంతసేపు ఉంటుంది?"

"గడియారం ప్రకారం రెండు నిమిషాలు."

మర్నాడు అచ్చు అలాగే చేసి చూపించాడు. పి.ఏ. పెదవి విరిచాడు. "అతి అయింది. కాస్త తగ్గించండి, జనం నమ్మాలిగా."

ఈలోగా పార్టీ యువజన విభాగానికి ఒక ఆలోచన వచ్చింది. సభా ప్రాంగణంలో మంత్రిగారి నిలువెత్తు చిత్రం, మొత్తం మూర్ఛ మాత్రలతోనే! ఆసుపత్రి స్టోరులో ఉన్న మాత్రలన్నీ లారీ ఎక్కాయి. తెల్లవి చొక్కాకు, గులాబీవి పెదవులకు. పరిశోధన కోసం వచ్చిన కొత్త మాత్రలు లేత పసుపు రంగువి కావడంతో, అవి మంత్రిగారి మేనిఛాయకు అతికినట్టు సరిపోయాయి. డాక్టరమ్మ అభ్యంతరం చెప్పింది. కళాదృష్టి లోపించినందుకు ఆవిడకు మెమో వెళ్లింది.

సీసా ఖాళీ అయిన రోజున గుమాస్తా ఆసుపత్రికి వెళ్తే, కౌంటర్లో మనిషి తల అడ్డంగా ఊపాడు. "స్టాకంతా మంత్రిగారి మొహం మీదుందండీ."

గుమాస్తా ప్రాంగణానికి వెళ్లాడు. అటూ ఇటూ చూసి, చిత్రం చెంప మీద గోటితో ఒక మాత్ర పెకలించాడు. వెనక నుంచి కాపలావాడు భుజం పట్టుకున్నాడు.

"ఏంటండీ, సారు చెంప గిల్లుతున్నారు?"

"ఒక్కటి ఊడింది. అతికిద్దామని."

కాపలావాడు జిగురు డబ్బా తెచ్చిచ్చి, అతికించేదాకా పక్కనే నిలబడ్డాడు.

రెండు రోజులు మాత్ర లేదు. మూడో రోజు సభ. రానని చెబుదామనుకున్నాడు. ఎందుకు రావంటే ఏం చెప్పాలో తోచక వెళ్లాడు.

మంత్రిగారు గంటసేపు మాట్లాడారు. "మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెట్టడం అజ్ఞానం! చుట్టూ మూగడం అనాగరికం! పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, టైము చూసుకోవాలి..." గుమాస్తా పడవలసింది "జయహో విజ్ఞానం" అన్న మాట దగ్గర. దానికింకా రెండు పేజీలున్నాయి. కానీ ఆయన తల మెల్లగా ఎడమకు తిరిగింది. మైకుల్లోంచి ఎవరిదీ కాని కేక వచ్చింది.

"క్యూ డైలాగు ఇంకా రాలేదయ్యా!" అని పి.ఏ. పళ్లు కొరికాడు.

గుమాస్తా ధడాలున పడ్డాడు. నురగ చూడగానే మంత్రిగారు రెండంగల్లో దూకొచ్చి, "ఇనుము! ఎవరైనా ఇనుము తెండయ్యా!" అని అరిచారు. అధికారులంతా చుట్టూ మూగారు. మంత్రిగారి కారు తాళం ప్లాస్టిక్‌ది. చివరికి ఒక ఇన్‌స్పెక్టరు నడుము నుంచి బేడీలు తీసిచ్చాడు. మంత్రిగారు వాటిని స్వహస్తాలతో గుమాస్తా గుప్పిట్లో కుక్కారు.

డాక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, బేడీలు విసిరేసి, ఆయన్ని పక్కకు తిప్పి, గడియారం చూసుకుంది. రెండు నిమిషాలకు ఆగింది. ఎప్పుడూ ఆగినట్టే ఆగింది. ఈసారి మాత్రం చప్పట్లు మోగాయి.

మర్నాడు పత్రికల్లో మొదటి పేజీలో బేడీల ఫొటో. కింద "మంత్రి స్పర్శతో ఆగిన మూర్ఛ".

మంత్రిగారు గుమాస్తాను గదికి పిలిచి కౌగిలించుకున్నారు. "ఏం నటనయ్యా! నేనే భయపడిపోయా. అన్ని జిల్లాలకూ నిన్నే తిప్పుతా."

"సార్, అది..." అని ఆగాడు గుమాస్తా.

పి.ఏ. ఫైలు తెరిచాడు. "నటనేగా? నటన కాకపోతే సర్క్యులర్లో తప్పుడు సమాధానం ఇచ్చినట్టవుతుంది. ఉద్యోగానికి అన్‌ఫిట్ కూడా."

"నటనే సార్" అన్నాడు గుమాస్తా. తనకు జబ్బు లేదని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

సీటుకు వచ్చాడో లేదో, జాయింట్ డైరెక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. "అంత బాగా చేశారంటే ఎవరో డాక్టర్ని కలిసే ఉంటారు. మా మేనల్లుడికి... అడ్రసేమైనా ఉందా?" ఆయన వెళ్లగానే క్యాషియరు వచ్చాడు, పక్కింటాయన కోసం. తర్వాత టైపిస్టు, వదినగారి అక్క కోసం. డ్రైవరు, ఇన్‌స్పెక్టరు, సర్క్యులర్ జారీ చేసిన సూపరింటెండెంటు. సాయంత్రం చీకటిపడబోతుండగా పి.ఏ. వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక పెద్దమనిషికి కావాలి. మంత్రిగారికి బాగా దగ్గరవాడు."

"ఎంత దగ్గర?"

"ఒకే చొక్కా వేసుకునేంత."

గుమాస్తా అడ్రసు రాసిచ్చాడు.

శనివారం భార్యతో కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. చిత్రం ఎండకు పెచ్చులూడుతుంటే డాక్టరమ్మ బుట్ట పట్టుకెళ్లి, దెబ్బ తినని మాత్రలు కొన్ని ఏరి తెచ్చిందట. వరండాలో బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఒక్క మొహమూ కనపడదు. అందరూ పేపర్లు విప్పి కళ్లదాకా ఎత్తి పట్టుకున్నారు. చివరి బెంచీలో ఒకాయన పేపరు పట్టుకుంటే, పి.ఏ. పేజీలు తిప్పుతున్నాడు.

నర్సు తలుపు తీసి అడిగింది. "మూర్ఛకు చూపించుకోవడానికి వచ్చినవాళ్లెవరండీ?"

ఒక్క పేపరూ కదల్లేదు. నర్సు మళ్లీ అడిగింది.

గుమాస్తా భార్య వంక చూశాడు. ఆవిడ తల ఊపింది. ఆయన లేచి, అందరికీ వినపడేలా, "నేనండీ. నాకు మూర్ఛ ఉంది" అన్నాడు. అంటుంటే గొంతు వణికింది.

చివరి బెంచీలో పేపరు అంగుళం కిందికి దిగింది.

"ఎంత సహజంగా చేస్తున్నాడో చూడవయ్యా!"