గోడలో నీలిమచ్చ

ఆదివారం పొద్దున ఏడు గంటలకు గిరిప్రసాద్ కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దె మీదికి ఎక్కాడు. వారం రోజుల పని ఆయన మనసులో ముందే వరసగా పేర్చి పెట్టుకుని ఉన్నాడు. పది గంటలకు భార్య నవీనకు అన్న కూతురైన భానుశ్రీ వస్తుంది. ఆ పిల్ల ఏర్పేడు దగ్గర ఇంజనీరింగు చదువుతోంది. ఇల్లు ఎక్కడెక్కడ వేడెక్కుతోందో వేడిని ఎరుపుగా, చల్లదనాన్ని నీలంగా చూపే తన కెమెరాతో చూసి చెబుతుంది. దాన్నిబట్టి సోమవారం నుంచి మునిరత్నం మేస్త్రీ మిద్దె మీద తెల్ల పూత వేస్తాడు, ఎప్పుడో మూసేసిన గాలికంతలు తెరుస్తాడు, పడమటి గోడకు సున్నం పూస్తాడు. శనివారానికి ఇల్లు చల్లబడాలి.

ఇదంతా తల్లి చంద్రకాంతమ్మ కోసం. పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె తన గదిలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరు మందులు రాసిచ్చి, ముందు ఆ గది వేడి సంగతి చూడమన్నాడు. బంధువులందరూ ఏసీ పెట్టించమన్నారు. మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న గిరిప్రసాద్‌కు అది నచ్చలేదు. డెబ్బై ఏళ్ళ మిద్దె ఇంటిని సరిగ్గా బాగుచేసుకుంటే మిషన్లతో పని లేదని ఆఫీసులో చెప్పాడు, వీధిలో చెప్పాడు, పుత్తూరులో జరిగిన రెండు పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర కూడా చెప్పాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. పక్కింటి ధనశేఖర్ ఒక్కడే, బజారులో స్టీలు సామాన్ల అంగడి ఆయనది, ప్రతిమాటకూ తలూపేవాడు.

భానుశ్రీ వచ్చి కెమెరా తిప్పింది. తెరమీద ఇల్లంతా ఎర్రగా కనిపించింది. మిద్దె పైకప్పు నిప్పుల్లో పెట్టిన పెనంలాగా ఉంది. చివరికి చంద్రకాంతమ్మ గదిలో, ధనశేఖర్ ఇంటికీ తమకూ ఉమ్మడిగా ఉన్న గోడ వైపు తిప్పేసరికి ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. అంత ఎరుపు మధ్య పళ్ళెమంత నీలిమచ్చ ఒకటి ఉంది.

"మామా, ఈడ చుట్టూ ఉండే గోడకంటే ఎనిమిది డిగ్రీలు తక్కువ ఉండాది. లోపల బోలుగా ఉండొచ్చు. లేదంటే అవతల ఏమన్నా ఉండొచ్చు, పక్కింట్లో అడిగి చూడు" అంది.

రెండో మాట ఎవరి చెవినా పడలేదు. బోలు అన్న మాట వినగానే చంద్రకాంతమ్మ మంచంమీద లేచి కూర్చుంది. ఒకప్పుడు రెండిళ్ళూ ఒకటే ఇల్లు. మామగారి అన్న తన సగం వేరు చేసుకుని ధనశేఖర్ తాతకు అమ్మేశాడు, మధ్యలో ఈ గోడ లేచింది. అప్పటి పంపకాల్లో అన్నీ లెక్కకు వచ్చాయి గాని, ఆమె అత్తగారు పుట్టింటినుంచి తెచ్చుకున్న రాగిబిందె మాత్రం కనిపించలేదు. అత్తగారు చివరిదాకా ఆ బిందె గురించే అడిగేదట. అందులో ఏముందో మాత్రం చెప్పకుండానే పోయిందట.

మిద్దె కొలవడానికి వచ్చిన మునిరత్నం టేపు చేతిలో పట్టుకుని ఇదంతా విన్నాడు. రాగి ఎప్పుడూ చల్లగానే ఉంటుందన్నాడు. వడమాలపేటలో తన మేనమామ ఇట్లాంటిది ఒకటి కళ్ళారా చూశాడన్నాడు. దాచిన బిందెలు ఒకచోట నిలవవని, కదిలిపోతాయని కూడా చెప్పాడు. భానుశ్రీ నవ్వి, రోజుకు మూడుసార్లు ఫోటో తీసి పెట్టమని కెమెరా అక్కడే వదిలి, పరీక్షలున్నాయని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

ఇట్లాంటివి తాను నమ్మనని గిరిప్రసాద్ భార్యతో రెండుసార్లు అన్నాడు. అని, సుద్దముక్కతో ఆ మచ్చ చుట్టూ గీత గీశాడు. సోమవారం ఆఫీసుకు పోయే దారిలో ధనశేఖర్ అంగడి దగ్గర ఆగి, ఒక గ్లాసు కావాలని అడిగి, మాటల్లో మాటగా ఆ ఉమ్మడి గోడ కాగితాల్లో ఎవరి పేరున ఉందో, తాతల కాలంలో దాన్ని ఎప్పుడైనా పగలగొట్టారో కనుక్కున్నాడు. గోడకేమయిందని ధనశేఖర్ అడిగాడు. ఏమీ కాలేదు, ఊరికే అడిగానన్నాడు. ఊరికేనా అని ధనశేఖర్ మళ్ళీ అడిగాడు. ఊరికేనని గిరిప్రసాద్ మళ్ళీ చెప్పి, గ్లాసు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. చాలా తెలివిగా నడిపానని ఆయన అనుకున్నాడు.

మంగళవారం మునిరత్నం, ఊళ్ళో ఇంకో పని తగిలిందని, ఇకమీదట పొద్దుటిపూట మాత్రమే వస్తానని చెప్పాడు. ఆ సాయంత్రం గిరిప్రసాద్ కెమెరా పెట్టి చూసి అట్లాగే నిలబడిపోయాడు. నీలిమచ్చ సుద్దగీత దాటి నాలుగు వేళ్ళు బయటికి వచ్చింది. బుధవారానికి చేటంత అయింది. గురువారం పొద్దున చూస్తే కిటికీ అంత ఉంది, మధ్యలో నీలం ముదిరి నల్లగా కనిపిస్తోంది. ఆయన నవీనను పిలిచి చూపించాడు. అప్పటిదాకా పిచ్చిపనులు మానమని కసురుతున్న మనిషి, ఆ తెర చూసి చేతిలోని గరిటె మంచంమీద పెట్టేసింది.

"ఇది నిజంగానే కదులుతా ఉండాది" అంది మెల్లగా.

గిరిప్రసాద్ అమ్మకు ఒంట్లో బాగాలేదని రాసి ఆఫీసుకు సెలవు పెట్టాడు. బాగానే ఉన్న అమ్మను, ఆమె మంచాన్ని ముందు గదిలోకి మార్చాడు. మిద్దె మీద తెల్ల పూత సగంలో ఆగింది. మునిరత్నాన్ని పిలిచి, గోడ సంగతి ఎవరి దగ్గరా అనవద్దని గట్టిగా చెప్పాడు. మునిరత్నం ఎందుకో నేల చూపులు చూస్తూ సరేనన్నాడు.

వీధి మొత్తం ఎండకు తలుపులు మూసుకునే వేళ చూసి, రెండు గంటలకు గిరిప్రసాద్ గడ్డపార తీసుకున్నాడు. పొలం పనులు చేసిన వంశమే గాని, ఆయన చేతులు ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు తప్ప ఏమీ ఎత్తలేదు. మొదటిరోజు నాలుగు ఇటుకలు ఊడాయి, రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. శుక్రవారం ఇంకో సంగతి జరిగింది. ఆయన ఒక దెబ్బ వేస్తే గోడ లోపలినుంచి రెండు దెబ్బలు వినిపించాయి. ఆయన ఆగితే కాసేపటికి అవీ ఆగాయి. లోపల బోలుగా ఉంది గనుక శబ్దం తిరిగి వస్తోందని ఆయన భార్యకు చెప్పాడు. నవీన పోయి ఒక నిమ్మకాయ తెచ్చి గోడ మొదట్లో పెట్టి, కర్పూరం వెలిగించింది.

శనివారం రెండున్నరకు గిరిప్రసాద్ చొక్కా విప్పేసి మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. ఇంకొక్క వరస మిగిలిందనిపించింది. గడ్డపార పైకెత్తాడు. ఆయన దెబ్బ వేయకముందే ఎదురుగా ఉన్న ఇటుక దానంతటది కదిలింది. దాని పక్కనుంచి మట్టి రాలింది. గోడలోనుంచి జానెడు పొడవున ఇనుపమొన ఒకటి బయటికి వచ్చి, అటూ ఇటూ తిరిగి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నవీన వాకిలి దాకా వెనక్కి నడిచింది. గిరిప్రసాద్ గడ్డపార దించడం మరిచిపోయి అట్లాగే పట్టుకుని ఉన్నాడు. రెండు ఇటుకలు దబ్బున లోపలికి పడిపోయాయి. మంచులాంటి గాలి ఆయన ముఖానికి కొట్టింది. ఆ గాలి వెనకే, కనుబొమల దాకా ఎర్రమట్టి పట్టిన ముఖం ఒకటి కన్నంలోకి వచ్చింది. ధనశేఖర్ ముఖం.

గిరిప్రసాద్ గడ్డపార వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం సేస్తా ఉండావప్పా?" అన్నాడు ధనశేఖర్.

"గోడకు తేమ ఎక్కింది. సూస్తా ఉండా. నువ్వు?"

"నేనూ అదే."

కన్నంలోనుంచి గిరిప్రసాద్ అవతలికి చూశాడు. ధనశేఖర్ పడకగది. మంచానికి గోనెసంచులు కప్పి ఉన్నాయి. ఎదుటి గోడమీద, కొత్తగా, తెల్లగా, పచ్చదీపం వెలుగుతూ ఏసీ ఒకటి ఉంది. అది ఎప్పటినుంచి ఉండాదని అడిగాడు. మార్చి నుంచి అని ధనశేఖర్ కళ్ళు దించుకుని చెప్పాడు. వీధిలో అన్నిసార్లు తలూపినాక చెప్పడానికి మొహం చెల్లక, ఏసీ బయటిపెట్టెను వెనకవైపు మిద్దె మీద కనబడకుండా పెట్టించుకున్నాడట. గాలి నేరుగా ఈ గోడలో ఉన్న పాత గూడులోకి కొడుతుందట. అక్కడ గోడ మందం సగమే.

నీలిమచ్చ ఏమిటో గిరిప్రసాద్‌కు అర్థమైంది. మంగళవారం నుంచి అది ఎందుకు పెరిగిందో మాత్రం, ధనశేఖర్ వెనక తట్ట నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడిన మనిషిని చూశాక అర్థమైంది. ఆ మనిషి మునిరత్నం. అవతలినుంచి చప్పుడు కాకుండా తొలిచేకొద్దీ గోడ పలచబడి, చలి ఇటు పాకింది.

"ఊళ్ళో ఇంకో పని అన్నావే?"

"ఇదే సామీ. ఇద్దురూ ఎవురికీ సెప్పొద్దంటిరి, నేను ఎవురికీ సెప్పలేదు" అన్నాడు మునిరత్నం.

ఆ తరవాత ఎవరిది తప్పని అరగంట వాదన జరిగింది. సోమవారంనాటి 'ఊరికే' అన్న మాట ధనశేఖర్‌ను నిద్రపోనివ్వలేదని, మేస్త్రీని గట్టిగా అడిగితే బిందె సంగతి బయటపడిందని తేలింది. బిందె మాత్రం ఎటువైపునుంచీ తేలలేదు. కన్నంలో మనిషి వంగి దాటేంత చోటు ఏర్పడింది.

మరునాడు భానుశ్రీ వచ్చింది గాని కెమెరా పెట్టలేదు. పెట్టవలసిన పని కూడా కనిపించలేదు. కన్నానికి అటు ధనశేఖర్ భార్య, ఇటు నవీన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పక్కింట్లో అడిగి చూడమన్నాను గదా మామా అని మాత్రం ఆ పిల్ల మెల్లగా అంది. గిరిప్రసాద్ మిద్దె మీద పని చూడాలని పైకి వెళ్ళిపోయాడు.

సోమవారం మునిరత్నం ఇటుకలు, సిమెంటు తెచ్చి గదిలోకి అడుగుపెట్టేసరికి చంద్రకాంతమ్మ కన్నానికి ఎదురుగా చాప వేసుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆ వేసవిలో ఆమె మధ్యాహ్నం పూట నిద్రపోవడం అదే మొదలు. తట్ట చప్పుడుకు కళ్ళు తెరిచింది.

"ఆ ఇటికెలు యాడ నుంచి తెచ్చినావో ఆడికే తీసకపో. గోడ జోలికి వచ్చినారంటే నేను ధనశేఖరు ఇంట్లోనే ఉండిపోతా" అంది.

గోడ సగం తానే పగలగొట్టాడు గనుక ధనశేఖర్ ఒప్పుకున్నాడు. గిరిప్రసాద్ వడ్రంగిని పిలిపించాడు. కన్నానికి టేకు చట్రం బిగించి, రెండు రెక్కల కిటికీ పెట్టారు. ఈ సంగతి వీధిలో పొక్కకూడదని ఇద్దరూ కలిసి మునిరత్నం చేత ఒట్టు వేయించుకున్నారు.

వారం తిరక్కుండా ఆ వీధిలో ఇంకో మూడు ఉమ్మడి గోడలకు తేమ ఎక్కింది.