గర్జించని సైతాను

ఆ ఉదయం ఆకాశం ఊరి మీదికి దిగి కూర్చుంది. పొగమంచులో చర్చి గోపురం సగమే కనిపిస్తోంది. ఊరి బయటి గడ్డికొట్టంలో రాత్రి తలదాచుకున్న నాటక బృందం బట్టలన్నీ వానకు తడిశాయి. పెట్టె అడుగున ఉండి తడవనిది సైతాను వేషం ఒక్కటే. చలికి తట్టుకోలేక ఏంబ్రోస్ టిల్లి ఆ నల్లతోలే తొడుక్కున్నాడు. బృందం పెద్ద గాడ్‌ఫ్రీ కొమ్ముల టోపీ పెట్టి, మెడ వెనక ముడులు బిగించాడు.

"ఇవాళ మేయరు ముందు ఆడి చూపించాలి. ఆయన సరేనంటేనే ఈ ఊళ్లో మనకి తిండి. నువ్వు గర్జించాలి, తెలిసిందా?"

"మన సైతాను గర్జించడు కదన్నా. స్వర్గం పోగొట్టుకున్నవాడు. వల వేస్తూనే 'వద్దురా' అని చెబుతాడు. ఆ ఏడుపే వాడి గొప్ప."

"బుద్ధులు చెప్పడానికి పాదిరీ ఉన్నాడు. గర్జిస్తే వేషం నీది. లేదంటే రేపట్నుంచి డప్పు మొయ్యి."

ఏంబ్రోస్ గర్జన సాధన చేద్దామని సందులోకి నడిచాడు. గొంతులోంచి దగ్గు వచ్చింది. సారాకొట్టు మార్జరీ చెంబుతో బయటికొచ్చి, ఎగాదిగా చూసింది.

"చచ్చిపోయిన మా ఆయన నీ దగ్గరే ఉన్నాడా?"

"అమ్మా, నేను వేషగాణ్ణి."

"వేషాలు వెయ్యడమే కదయ్యా నీ పని! ఆయన్ని అక్కడే ఉంచుకో. కావాలంటే నా ఆత్మ కూడా పట్టుకుపో. ఆయనున్న గదిలో మాత్రం పెట్టకు."

"వద్దమ్మా, ఇంట్లోకెళ్లు" అంటూ ఏంబ్రోస్ టోపీ ముడుల కోసం తడుముకున్నాడు. అందలేదు.

సందులో సైతాను ఉన్నాడని మార్జరీ మాంసంకొట్టు రోలండ్ చెవిన వేసింది. అతను కత్తి చేతిలో ఉండగానే వచ్చాడు.

"ఎదురు కొట్టువాడి గిరాకీ నాకొచ్చేలా చెయ్యి. ఆత్మ ఇస్తా."

ఏంబ్రోస్‌కు నాటకంలోని మాటలే నోటికొచ్చాయి. "వద్దు నాయనా. వచ్చింది నిలవదు, పోయింది తిరిగి రాదు. పోగొట్టుకున్నవాణ్ణి చెబుతున్నా, విను." ఆ తర్వాత చాలాసేపు నచ్చజెప్పాడు.

రోలండ్ కళ్లు మెరిశాయి. అది గుర్రాల సంత జరిగే ఊరు. "ఈ గుర్రం మీకొద్దండీ" అని అమ్మేవాడు అన్నాడంటే, అంతకు మించిన గుర్రం సంతలో లేదని అక్కడ అందరికీ తెలుసు. "వద్దంటున్నాడర్రా!" అని రోలండ్ కేకేశాడు. సందు నిండిపోయింది. ఏంబ్రోస్ ఎంత వద్దంటే జనం అంత ముందుకు తోసుకొచ్చారు.

మేయరు హంఫ్రీ కాటెరల్ చేతికర్రతో వచ్చి, "సిగ్గులేదూ? ఇళ్లకు పొండి!" అని అందరినీ తరిమాడు. తను మాత్రం వెళ్లలేదు. గొంతు తగ్గించి, "ఇంకో ఏడాది పదవి. ఏమంటావ్?" అన్నాడు.

ఏంబ్రోస్ అలసిపోయి ఉన్నాడు. "వద్దు దొరగారూ."

మేయరు మొహం ఎర్రబడింది. "మాంసంకొట్టువాడితో అంతసేపు మాట్లాడావు, నాకు ఒక్క ముక్కా? నా ఆత్మ అంత చవకా?"

అప్పుడే గాడ్‌ఫ్రీ రొప్పుతూ వచ్చి, ముడులు విప్పి, కొమ్ములు ఊడబీకాడు. "ఇక్కడున్నావా! గర్జన వచ్చిందా?" ఏంబ్రోస్ బట్టతల మీంచి ఆవిరి లేచింది. అప్పుడు గాడ్‌ఫ్రీ మేయరును చూసి నడుం వంచాడు. "దొరగారూ, మేం నాటకాలవాళ్లం. మీ ముందు ఒక్కసారి ఆడి..."

వేషం పోయినట్టేనని ఏంబ్రోస్ కళ్లు మూసుకున్నాడు.

మేయరు ఆ బట్టతల వంకే చూస్తూ నిలబడ్డాడు. "చూడక్కర్లేదు. ఆడుకోండి. కానీ సైతాను వేషం ఇతనిదే. పని పోయిన నటుడు దారిపొడుగునా కబుర్లు చెబుతాడు."

"గర్జించడం రాదండీ వీడికి."

"అక్కర్లేదన్నానా!"

గాడ్‌ఫ్రీ ఏమీ అర్థంకాకుండానే వేదిక కట్టించడానికి పరిగెత్తాడు. గుమ్మంలోంచి అంతా చూసిన మార్జరీ ఏంబ్రోస్‌ను లోపలికి పిలిచి, బఠాణీల జావ, బార్లీ రొట్టె పెట్టింది. కాసేపటికి రోలండ్ అడక్కుండానే నెత్తురు కూరి చేసిన సాసేజీ ఒకటి తెచ్చి ఏంబ్రోస్ పళ్లెంలో వేసి, ఎదురుగా కూర్చున్నాడు. మేయరు కూడా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. మార్జరీ తనూ ఒక గిన్నె తెచ్చుకుంది. ఎవరూ తలెత్తలేదు. చెక్క చెంచాలు గిన్నెల్లో చప్పుడు చేశాయి.

ఆ నలుగురిలో ఆత్మను బేరానికి పెట్టనివాడు సైతాను ఒక్కడే.