బ్యాక్ ఏరియాలో మల్టీ ఎంజాయ్ కాంప్లెక్స్

"గన్నవరం కాలేజీ బ్యాక్ ఏరియాలో మల్టీ ఎంజాయ్ కాంప్లెక్స్! నెలలోపే ప్రారంభం!"

కాలేజీ వార్షికోత్సవంలో భవనాల మంత్రి రామకోటేశ్వరరావుగారు ఇలా ప్రకటించగానే, పక్క కుర్చీలో బయోకెమిస్ట్రీ లెక్చరర్ డాక్టర్ బ్లెస్సీగారికి పొలమారింది. అంతకుముందు ఆవిడ ఆయన చెవిలో చెప్పింది వెనక నిలబడ్డ నేనూ, అంటే ఆవిడ ల్యాబ్ అసిస్టెంటునీ, విన్నాను.

"బ్యాక్టీరియాలోని మల్టీ ఎంజైమ్ కాంప్లెక్స్ నిర్మాణం మీద నాలుగేళ్ళుగా పనిచేస్తున్నామండీ. ఫ్రీజరుకి జనరేటర్ ఇప్పించండి. కరెంటు పోతే కాంప్లెక్స్ కూలిపోతుంది."

అంత బ్యాండుమేళంలోనూ మంత్రిగారు 'నిర్మాణం' అన్న మాట పట్టేశారంటే, అదీ ఆయన చెవి! వినికిడి తక్కువైనా పలుకుబడి ఎక్కువ.

ఆవిడ సరిదిద్దబోతే, మంత్రిగారి శాఖ ఇంజనీరు ఆమోసు అడ్డుపడ్డాడు. "మంత్రిగారి మాటకి సవరణలుండవు మేడమ్. మీకు జనరేటర్ కావాలా, గ్రామర్ కావాలా?"

ఆవిడ జనరేటరే కోరుకుంది.

మర్నాడే మంత్రిగారు తనిఖీకి దయచేశారు.

"యూనిట్లెన్నమ్మా?"

"నడిమి భాగంలోనే ఇరవై నాలుగు సబ్ యూనిట్లండీ. వాటిని అంటిపెట్టుకుని చుట్టూ ఇంకొన్ని."

"అంటిపెట్టుకునేవాళ్ళకి మా పార్టీలో కొదవలేదు. పనెలా జరుగుతుంది?"

"మూడు రకాల ఎంజైములండీ. మధ్యదానికి ఊగే చెయ్యి ఉంటుంది. ఇటు అందుకుని అటు అందిస్తుంది."

"చేతివాటం! అచ్చం మా శాఖే!"

"మధ్యలో ఏదీ బయటికి పోదండీ."

మంత్రిగారు గంభీరమయ్యారు. "బయటికి పొక్కదా? ఆమోసూ, ఇది నేర్చుకోవయ్యా!"

వెంట వచ్చిన పార్టీ మహిళా విభాగం కనకలక్ష్మిగారు ముందుకొచ్చారు. "అన్నయ్యగారూ, రోడ్డు వైపు సబ్ యూనిట్ నాకే. మంగళగిరి చీరలు పెట్టుకుంటా."

"ఇచ్చేశానమ్మా!" అన్నారు మంత్రిగారు. ఇవ్వడంలో ఆయనది ఎముక లేని చెయ్యి, అడ్రసు లేని షాపు.

ప్రారంభోత్సవం నాడు కాలేజీ వెనక ఖాళీ స్థలంలో షామియానా, రిబ్బను, బెజవాడ నుంచి ఫ్లెక్సీలు. వాటితోపాటే లారీలో జనరేటర్ దిగింది. బ్లెస్సీగారి కళ్ళు మెరిశాయి. దాన్ని వేదిక మీది కూలర్లకి తగిలించారు.

పొద్దున్నే పోయిన కరెంటు మంత్రిగారొచ్చినా రాలేదు. ఆయనకి మాత్రం చల్లగా గాలి తగులుతోంది. కత్తెర అందుకోబోతుండగా బ్లెస్సీగారు పరుగెత్తుకొచ్చారు.

"సార్! కాంప్లెక్స్ కూలిపోయింది!"

జనం లేచారు. "లోపలెవరైనా ఉన్నారా?" అని కనకలక్ష్మిగారు కేక పెట్టారు.

బ్లెస్సీగారు మైకు లాక్కున్నారు. చేతిలో వేలెడంత ప్లాస్టిక్ గొట్టం. "వినండి! బ్యాక్ ఏరియా కాదు, బ్యాక్టీరియా! ఎంజాయ్ కాదు, ఎంజైమ్! నిర్మాణమంటే కట్టడం కాదు, ఎలా అమరి ఉందో తెలుసుకోవడం! షాపుల్లేవు, ఏమీ లేవు! కంటికి కనిపించనంత చిన్న కాంప్లెక్స్ ఇందులో ఉండేది. ఫ్రీజర్ ఆగి, సబ్ యూనిట్లు విడిపోయాయి. నాలుగేళ్ళ పని కూలర్ల పాలైంది!"

సభ చల్లబడింది. ఆమోసు మంత్రిగారి చెవి దగ్గర చేరాడు. "సార్, నిర్మాణం పూర్తయిందని నిన్ననే పైకి రాసేశామండీ."

మంత్రిగారు బ్లెస్సీగారి వైపు తిరిగారు. ఈసారి చెవి దగ్గర చెయ్యి కూడా పెట్టుకున్నారు.

"కంటికి కనిపించదన్నావు కదమ్మా?"

"కనిపించదండీ."

"ఎవరికీ?"

"ఎవరికీ కనిపించదండీ!"

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు.