ఉప్పు కలిపిన సముద్రం

నీళ్ళలో ఉప్పు కలిపితే సముద్రం అవుతుందా, లేక అవి ఉప్పు కలిపిన నీళ్ళుగానే మిగిలిపోతాయా? ఏ క్షణాన నీళ్ళకు తాము సముద్రమని తెలుస్తుంది? ఆ మాటకొస్తే, మనిషికి తాను లెక్చరరునని ఏ క్షణాన తెలుస్తుంది? ఆటోలో రెండు ఉప్పు బస్తాల మధ్య ఇరుక్కుని అచ్యుతరామయ్య ఇలా ఆలోచిస్తూ ఉండగానే టోలిచౌకి దాటిపోయి ఫిల్మ్ నగర్ ఎత్తు మొదలైంది.

ఆ ఎత్తు కింద ఉన్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన సముద్ర విజ్ఞానం చెబుతాడు. ఇంటర్‌తో పాటే ఉద్యోగం వచ్చే చదువు అని పెట్టిన కోర్సు. పాసైన పిల్లలు సర్వే ఓడల మీద సహాయకులుగా చేరవచ్చు. ఆ ఊరికి సముద్రం మూడు వందల కిలోమీటర్ల దూరం. అచ్యుతరామయ్యకు ఇంకా దూరం. ఆయన దాన్ని చూడనే లేదు. చీలమండ దాటిన నీళ్ళలో ఆయన ఎన్నడూ కాలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో తెలుసుకుందామని మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు చాలా చదివాడు. వాటివల్ల భయానికి ఒక పేరు దొరికింది, భయం మాత్రం పోలేదు.

"సముద్రం లేని ఊళ్ళో ఈ కోర్సేంటండీ మాస్టారూ?" అంది కరస్పాండెంట్ శారదాదేవి పోయిన వారం. "ఈసారైనా ఒక్కళ్ళకి ఉద్యోగం రాకపోతే తీసేద్దాం. బ్యూటీషియన్ కోర్సు పెట్టామనుకోండి, ఈ ఏరియాలో పిల్లలకి చేతినిండా పని."

ఆ ఒక్కరిని ఎంచడానికి ఆ రోజు విశాఖపట్నం నుంచి సూర్యప్రకాశరావు అనే శాస్త్రవేత్త వస్తున్నాడు. కిందటేడు పిల్లలు ప్లాస్టిక్ డ్రమ్ములో ఉప్పదనం కొలుస్తుంటే చూసి, ఎవరినీ ఎంచకుండానే టీ తాగి వెళ్ళిపోయాడు. అందుకని ఈసారి అచ్యుతరామయ్య ఎత్తు మీదున్న స్టూడియో మేనేజరును బతిమాలుకున్నాడు. అక్కడ సముద్రం సెట్టు ఉంది. పెద్ద తొట్టి, అడుగు కనబడకుండా నీలిరంగు కలిపిన నీళ్ళు, వెనక ఆకాశం గీసిన గోడ, మధ్యలో పడవ. షూటింగ్ మధ్యాహ్నం కదా, పొద్దున్న వాడుకోండి అన్నాడు మేనేజరు. ఎంత లోతని అచ్యుతరామయ్య అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారని.

తరగతిలో మిగిలిన ఇద్దరు విద్యార్థులూ, బాలమణి, హనుమంతు, తొట్టి దగ్గర కాచుకుని ఉన్నారు.

"సార్, నీళ్ళు చప్పగున్నయి," అంది బాలమణి వేలు నాకి.

"నోట్లో పెట్టుకోకమ్మా, అది రంగు. ఉప్పు తెచ్చాను."

"గింత ఉప్పా? సముద్రానికా సార్, మామిడికాయ తొక్కుకా?" అన్నాడు హనుమంతు.

ఇద్దరూ బస్తాలు విప్పి, తొట్టి చుట్టూ తిరుగుతూ దోసిళ్ళతో ఉప్పు చల్లసాగారు. అప్పుడే యూనిట్ వ్యాన్లు వచ్చాయి. హీరో మధ్యాహ్నం ఫ్లైటుకు మద్రాసు వెళ్ళాలట. అందుకని షూటింగ్ పొద్దున్నకు మార్చేశారు. ముందుగా దిగిన ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావు ఆ ఉప్పు చూసి చెప్పులు విడిచి నిలబడ్డాడు. సెట్టు చుట్టూ ఉప్పు చల్లితే సినిమావాళ్ళకు దానికొకటే అర్థం. దిష్టి తీస్తున్నారు. బస్తాలకు బస్తాలు తీయిస్తున్నారంటే అది డైరెక్టరుగారి ఏర్పాటే. కాబట్టి వీళ్ళు ఆయన మనుషులు. డైరెక్టరు మనుషుల్ని మీరెవరని అడిగి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళను త్రినాథరావు ఎరుగును.

"టిఫిన్ చేశారామ్మా?" అన్నాడు ఎంతో మర్యాదగా. "దిష్టి చాలు. ఇంక పడవెక్కండి, లైటింగ్ చూసుకోవాలి."

"ఎక్కాల్నా సార్?" అని బాలమణి అచ్యుతరామయ్య వైపు చూసింది.

వీళ్ళు విద్యార్థులని చెబితే గేటు బయటికి పంపేస్తారు. శాస్త్రవేత్త వచ్చేసరికి చూపించడానికి మళ్ళీ డ్రమ్మే మిగులుతుంది. ఎలాగూ పడవలో కూర్చునే కొలతలు తీయాలి. అచ్యుతరామయ్య తలూపాడు. యూనిట్ మనుషులు గట్టు మీంచి పడవకు చెక్క వేశారు. పిల్లలు లైఫ్ జాకెట్లతో, సీసాలతో, ఉప్పు కొలిచే గాజుగొట్టంతో ఎక్కారు. చెక్క తీసేశారు.

డైరెక్టరు కెమెరాలోంచి చూసి, వీళ్ళను త్రినాథరావు పిలిపించాడనుకున్నాడు. "వెనకాల సీసాలు ముంచుతున్నారే, వాళ్ళు బాగున్నారు. ఉండనీ," అన్నాడు. హీరో గట్టున బండరాయి మీద నిలబడి పగ తీర్చుకుంటానని శపథం చేశాడు. వెనక సముద్రంలో హనుమంతు సీసా ముంచాడు, బాలమణి గాజుగొట్టం చదివింది.

"పిల్లలు ఇంక దిగవచ్చా అండీ?" అని షాట్ అయ్యాక అచ్యుతరామయ్య అడిగాడు.

"ఎలా దిగుతారండీ?" అన్నాడు త్రినాథరావు. "ఒక షాట్‌లో కనబడ్డాక సీన్ అయ్యేదాకా అక్కడే ఉండాలి. కంటిన్యుటీ."

ఒకసారి కనబడిన మనిషి చివరిదాకా అలాగే కనబడాలి. తన విషయంలోనూ ఎవరో ఎప్పుడో ఈ నియమం పెట్టి ఉంటారని అచ్యుతరామయ్యకు తోచింది.

అంతలో సూర్యప్రకాశరావు వచ్చాడు. నెరిసిన గడ్డం, తెల్ల చొక్కా. పడవను చూడగానే ఆయన ముఖం విప్పారింది. "డ్రమ్ము కన్నా ఇది చాలా నయం. నేనూ ఎక్కుతాను. ప్రశ్నలు అక్కడే అడుగుతా." చెక్క వేయించుకుని ఎక్కేశాడు. చెక్క తీశారు, లైట్లు వెలిగాయి, పనివాళ్ళు తాళ్ళతో పడవను ఊపారు.

"ఆ గడ్డం ఎవరిదయ్యా? భలే ఉంది, ఉండనీ," అన్నాడు డైరెక్టరు. షాట్ తీసేశాడు.

"ఏమండీ, నేను సైంటిస్టుని," అని పడవలోంచి కేకేశాడు సూర్యప్రకాశరావు.

"వేషానికి అతికినట్టు సరిపోయారు సార్. ఇంక కదలకండి," అన్నాడు త్రినాథరావు.

హీరోకు శపథం నోరు తిరగడం లేదు. తీసిందే మళ్ళీ తీస్తున్నారు. తీసినప్పుడల్లా పడవ ఊగుతోంది. సూర్యప్రకాశరావు సముద్రాన్ని ఆఫీసు కిటికీలోంచి మాత్రమే చూడటం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఆయన అడిగే ప్రశ్నలు పొట్టివయ్యాయి, ఆ తర్వాత ఆగిపోయాయి.

"తల తిరుగుతున్నదా సార్?" అంది బాలమణి. "నీళ్ళదిక్కు చూడకుండ్రి. గా గోడ మీద ఆకాశం కింద గీత లేదా, దాన్నే చూడుండ్రి. జర తగ్గుతది."

"ఎవరు చెప్పారమ్మా?"

"మా సారు."

"ఆయన ఎప్పుడు ఓడెక్కాడు?"

"ఎక్కలే సార్," అన్నాడు హనుమంతు సీసా పైకి తీసి గాజుగొట్టం చూస్తూ. "ఆయన ఒడ్డు దిగడు. గాడ నిలబడే అన్ని చెప్తడు. బాలమణీ, ఉప్పు ఇంకింత పెరిగింది, జర రాయి."

"పెరగడమేంటి?" సూర్యప్రకాశరావు గీత మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"పడవ ఊపినప్పుడల్ల అడుగునున్న ఉప్పు కరుగుతున్నది సార్. వాళ్ళు మళ్ళ అన్నప్పుడల్ల మేం మళ్ళ కొలుస్తున్నం," అన్నాడు హనుమంతు.

"మిమ్మల్ని కొలవమన్నారా?"

"నటించుమన్నరు. ఉత్తగ ముంచుడెందుకని కొలిచినం."

గట్టు మీద అచ్యుతరామయ్యకు ప్రతి మాటా వినబడింది. ఒడ్డు దిగడు. తనను ఇంత సులువుగా చదవవచ్చునని ఆయన అనుకోలేదు. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

ఎట్టకేలకు శపథం కుదిరింది. భోజనాలన్నారు. చూస్తుండగానే సెట్టు ఖాళీ అయింది. పడవ తాళ్ళు విప్పేసి, చెక్కను కూడా వడ్డన కోసం పట్టుకుపోయారు.

"మాస్టారూ," అన్నాడు సూర్యప్రకాశరావు గోడకేసి చూస్తూనే. "ఈ ఇద్దరినీ ఓడ మీదికి తీసుకుంటాను. ముందు నన్ను ఒడ్డుకు చేర్చండి. ఇంకాసేపు ఇక్కడుంటే ఏమంటానో నాకే తెలీదు."

హనుమంతు లేవబోయాడు. పడవ ఊగింది.

"నువ్వు కదలకు బాబూ. ఎవరూ కదలొద్దు."

"మీరు దిగిపోవచ్చేమోనండీ," అన్నాడు అచ్యుతరామయ్య.

"లోతెంత?"

"తెలీదండీ."

"లోతు తెలీని నీళ్ళలో దిగకూడదు. మీ పాఠంలో లేదా?"

"మొదటి పాఠమే అదండీ."

అచ్యుతరామయ్య చుట్టూ చూశాడు. పిలిస్తే పలికే మనిషి లేడు. పడవను గట్టుకు లాగాలంటే తనే దిగాలి. బూట్లు విప్పాడు. సాక్సులు మడిచి బూట్లలో పెట్టాడు. విప్పాల్సినవి ఇంకో రెండు ఉంటే బాగుండుననిపించింది. నీలిరంగు కింద ఏముందో కనబడటం లేదు. ఏముందో చూడాలన్న కుతూహలం మాత్రం ఎప్పుడు భయాన్ని దాటిందో ఆయనకు తెలియలేదు. గట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాలు దించాడు.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి, అంతటితో ఊరుకున్నాయి.