ఒక్క స్క్రూ కూడా మార్చని కారు

ఆ ఆదివారం పొద్దున అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, వెళ్లి కారులో కూర్చోవాలి. నడపాలన్న ఆలోచన కూడా లేదు. గ్యారేజీ తలుపు మూసుకుని, కొత్త ఎర్ర సీట్లో వెనక్కి వాలి, స్టీరింగ్ మీద చేతులు వేసి కాసేపు ఊరికే అలా ఉండాలి. వారమంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని, జరగని ప్రమాదాల గురించి జనాన్ని భయపెట్టే మనిషికి ఆ మాత్రం సుఖం ఉండాలని ఆయన వాదన.

ఇంట్లో ఆయన భర్త, ఆఫీసులో అధికారి. ఆ కారు దగ్గర మాత్రం ఆయన హోదా అల్లుడే, ఎందుకంటే అది మామగారి కారు. ముప్ఫై ఏళ్లు పైబడిన జపాన్ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు. స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు బానెట్‌లోంచి నిద్ర లేచినట్టు పైకి వస్తాయి. మిగతా కార్లు ఎక్కాలి, ఇందులోకి దిగాలి. నేలకు అంత దగ్గరగా ఉంటుంది. మామగారు వంతెనలు కట్టించి రిటైరైన ఇంజనీరు. మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాక, ఆయన ఆ కారు తాళాలు అల్లుడి చేతిలో పెట్టి, అత్తగారు పక్కన నిలబడి చూస్తుండగా ఒకే ఒక్క షరతు పెట్టారు.

"ఉన్నది ఉన్నట్టుండాలి అల్లుడూ. ఇందులో ఒక్క స్క్రూ కూడా మారకూడదు. మారిందని తెలిస్తే ఆ రోజే బండి వెనక్కి తీసుకుపోతాను."

అల్లుడుగారు నిజంగానే ఏమీ మార్చదలచుకోలేదు. గేర్ నాబ్ ఒక్కటి అరిగిపోయింది, అంతే. కొత్త నాబ్ వేశాక దాని పక్కన స్టీరింగ్ మరీ ముసలిదిగా కనబడింది. చిన్న తోలు స్టీరింగ్ బిగించాక, గోధుమరంగు గళ్ల సీట్లు చూస్తే ఏదో ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు అనిపించింది. వాటి బదులు రేసు కార్లలో ఉండేలాంటి ఎర్ర సీట్లు వచ్చాయి. ఒంటిని రెండు వైపులా పట్టుకుని, భుజాల మీదుగా బెల్టులు బిగించుకునే రకం. అవి వచ్చాక కింద కార్పెట్ వాటికి నప్పలేదు. అలా ఒకదాని మొహం చూసి ఒకటి మార్చుకుంటూ పోగా, లోపల మామగారి నాటివి కిటికీ అద్దాలు మాత్రమే మిగిలాయి.

కాఫీ సగంలో ఉండగా భార్య ఫోన్ పెట్టేసి వచ్చింది. అమ్మా నాన్నా బయల్దేరారని, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తారని చెప్పింది. నాన్నకి ఎన్నాళ్లనుంచో కారు మీదే బెంగగా ఉందట, ఒకసారి చూసుకుంటారట. అల్లుడుగారు కప్పు సాసర్‌లో పెట్టబోయి బల్ల మీద పెట్టారు.

"ఉన్నమాట చెప్పేయండి. మహా అయితే ఓ గంట అరుస్తారు," అంది భార్య.

"అరిస్తే పడతాను. కారు తీసుకుపోతే?"

అల్లుడుగారికి ఆ కారంటే ప్రాణం. అంతకంటే ముఖ్యం, మామగారు తన వస్తువును నమ్మి అప్పగించిన ఒకే ఒక్క మనిషి తను. కొడుకులకు కూడా ఇవ్వలేదు. ఆ నమ్మకం పోగొట్టుకోవడం అల్లుడుగారి వల్ల కాదు. ఇంట్లోనే ఉన్న పాత గేర్ నాబ్ జేబులో వేసుకుని, కారు తీసుకుని ఉన్న పళాన బయల్దేరారు.

సీట్ల పని చేసిన మేస్త్రిని ఆ వీధిలో అందరూ రేపు మేస్త్రి అంటారు. ఏ పని అడిగినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. ఆరోజు కూడా పాత సామాన్లన్నీ మళ్లీ బిగించాలని చెప్పగానే, అలవాటు కొద్దీ రేపు రమ్మన్నాడు. అల్లుడుగారి మొహం చూశాక ఏమనుకున్నాడో ఏమో, సుత్తి కింద పెట్టి కూర్చోమన్నాడు. పాతవి ఏవీ పారెయ్యలేదని ధైర్యం చెప్పాడు. కాకపోతే అవన్నీ వేరే వేరే ఉద్యోగాల్లో చేరిపోయాయట.

స్టీరింగ్ షెడ్డు గోడ మీదే ఉంది, మధ్యలో గడియారంతో. హారన్ బటన్ ఉండాల్సిన చోట మేస్త్రి దాన్ని జిగురుతో అంటించాడు. పీకి చూశారు, రాలేదు. తను అంటించింది ఊడిన దాఖలాలు లేవని మేస్త్రి గర్వంగా చెప్పాడు. కార్పెట్ మూలన ఉంది, దాని మీద షెడ్డు కుక్క పడుకుని ఉంది. పిలిస్తే లేవలేదు, బిస్కెట్ చూపిస్తే అక్కడికే తెమ్మన్నట్టు చూసింది. చివరికి ఇద్దరూ కార్పెట్‌తో సహా మోసుకెళ్లి కారులో పరిచారు. కుక్క తన పరుపు ఎక్కడుంటే తనూ అక్కడేనని తీర్మానించుకుని లోపలే ఉండిపోయింది.

సీట్లు రోడ్డుకు అవతలి సెలూన్‌లో ఉన్నాయి. వంతు కోసం కాచుకునే వాళ్లకు వేశారు. ఆదివారం కావడంతో సెలూన్ కిటకిటలాడుతోంది. ఒక సీట్లో ఒక పెద్దాయన పేపర్ చదువుతున్నాడు, రెండో దాంట్లో ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. సెలూన్ యజమాని కత్తెర ఆపకుండానే విషయం విని, తను కొన్న సీట్లు తను ఇవ్వనన్నాడు. అల్లుడుగారు ఎర్ర సీట్లు బదులిస్తానన్నారు. అప్పుడు కత్తెర ఆగింది.

యజమాని రోడ్డు దాటి వచ్చి ఎర్ర సీట్లు నొక్కి చూశాడు, బెల్టులు లాగి చూశాడు. గడ్డం గీసే కుర్చీ దిండు చిరిగి ఎన్నాళ్లో అయిందట. రేపు మేస్త్రి ఆ కుర్చీ కింద తలపెట్టి చూసి, ఎర్ర సీటును దాని ఇనప కాలు మీద బిగించవచ్చని తేల్చాడు. బేరం కుదిరింది. కానీ యజమాని ముందుచూపు ఉన్నవాడు.

"ఇచ్చిపుచ్చుకున్నాక మళ్లీ నా సీట్లు నాకు కావాలని రాకూడదు సార్. ఈ నలుగురి ముందూ మాటివ్వండి."

అల్లుడుగారు మాటిచ్చేశారు. ఆ క్షణంలో ఏం అడిగినా ఇచ్చేవారే. జనం చేత చదవకుండా సంతకాలు పెట్టించడం అలవాటైన మనిషి, తన వంతు వచ్చేసరికి సరిగ్గా వినకుండానే తలూపారు. పేపర్ పెద్దాయన మాత్రం తన వంతు పోదని హామీ ఇచ్చేదాకా లేవనన్నాడు. నిద్రపోతున్నాయన్ని లేపడానికి మనసొప్పక, ఎత్తి ఎర్ర సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. ఆయన అలాగే పడుకున్నాడు.

అక్కడ ఇంటి దగ్గర మామగారు అనుకున్న దానికంటే ముందే దిగబడ్డారు. అల్లుడేడని అడిగితే, కారు కడిగించడానికి వెళ్లారని కూతురు చెప్పింది. అబద్ధం అంతవరకూ బాగానే నడిచింది. అయితే అల్లుడు వచ్చేలోపు ప్రయాణపు గడ్డం గీయించుకొస్తానని మామగారు చెప్పులేసుకున్నారు. దగ్గర్లో ఉన్న సెలూన్ ఒక్కటే, అది మేస్త్రి షెడ్డుకు ఎదురుగానే. ఇంట్లో గీసుకోవచ్చుగా నాన్నా అని ఆవిడ ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆవిడ భర్తకు ఫోన్ చేసింది. ఆ ఫోన్ వంటింట్లోనే మోగింది. కంగారులో ఆయన దాన్ని కాఫీ కప్పు పక్కనే వదిలేసి వెళ్లారు.

షెడ్డు లోపల రెండో సీటు బిగిస్తుండగా అల్లుడుగారు తలెత్తి రోడ్డు వైపు చూశారు. సెలూన్ మెట్లు ఎక్కుతున్న వీపు ఎక్కడో చూసినట్టనిపించింది. మరుక్షణం ఆయన కుక్క పక్కన కార్పెట్ మీదికి జారిపోయారు. కిటికీ అంచు మీంచి కళ్లు మాత్రం పెట్టి చూస్తే, కొత్త మనిషని ముందుగా పిలిచారేమో, గడ్డం కుర్చీకి బిగించిన ఎర్ర సీట్లో మామగారు కూర్చుని ఉన్నారు. సెలూన్ యజమాని భుజాల మీదుగా బెల్టులు బిగిస్తున్నాడు. మొహమంతా సబ్బు నురగ. మామగారు ఏదో అడిగారు, యజమాని ఏదో చెప్పాడు, మామగారు తల అడ్డంగా ఊపారు. తన బతుకు అక్కడ నురగలో కొట్టుకుపోతోందని అల్లుడుగారికి అర్థమైంది.

మేస్త్రి చేతిలోని స్పానర్ లాక్కుని మిగిలిన బోల్టులు తనే తిప్పారు. నాబ్ పెట్టారు, స్టీరింగ్ బిగించారు. పైకి చూస్తే కారు పాత కారే. లోపల గళ్ల సీట్లు పౌడరు వాసన కొడుతున్నాయి, వాటి కుట్లలో పేటలో సగం మంది వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా గడియారం తలకిందులవుతోంది. కుక్కను దింపబోతే గుర్రుమంది. దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకునే ఇంటికి చేరారు.

నున్నటి గడ్డంతో మామగారు కూడా అప్పుడే వచ్చారు. అందరూ కారు చుట్టూ చేరారు. కుక్క దిగి గేటు పక్కన పడుకుంది. అదెవరిదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే మామగారు అప్పటికే తలుపు తెరిచి లోపలికి తొంగి చూస్తున్నారు. గళ్ల సీటు మీద చెయ్యి పెట్టారు. కార్పెట్ చూశారు. గడియారం చూసి ఒక్క క్షణం ఆగారు. తర్వాత మెల్లగా లేచి నిలబడ్డారు.

"ఏమీ మార్చలేదా?"

"లేదు మామయ్యగారూ. ఒక్క స్క్రూ కూడా."

"మా అల్లుడు బంగారం," అన్నారు అత్తగారు. ఇంట్లో రిమోట్‌కు వేసిన ప్లాస్టిక్ కవరు కూడా ఇన్నేళ్లుగా తీయనివ్వని మనిషి ఆవిడ. వస్తువంటే ఇలా చూసుకోవాలని కూతురికి చెప్తూ, సంతోషంగా లోపలికి వెళ్లారు.

మామగారు మాత్రం అక్కడే ఉండిపోయారు. ఆయన మొహం చూస్తే, బడిలో ఫలితాల బోర్డు మీద తన పేరు వెతుక్కుని కనబడక వెనుదిరిగే పిల్లాడి మొహంలా ఉంది. ఆవిడ వెళ్లిన వైపు ఒకసారి చూసి, అల్లుణ్ణి గ్యారేజీ మూలకు తీసుకెళ్లి, చేతిసంచిలో అడుగున రుమాలులో చుట్టిన వస్తువు ఒకటి బయటికి తీశారు. నల్లటి తోలు గేర్ నాబ్. అంచుల్లో తోలు పెళుసెక్కిపోయింది.

"బండి కొన్న కొత్తలోనే కొన్నాను. ఇది వేస్తే స్టీరింగ్ మార్చాలనిపిస్తుంది, స్టీరింగ్ మారిస్తే సీట్లు మార్చాలనిపిస్తుంది. మీ అత్తగారు ఒప్పుకుంటుందా? షేవింగ్ సామాన్ల కింద దాచేశాను."

"కానీ ఏదీ మార్చొద్దన్నారు కదండీ."

"ఆ మాట అన్నప్పుడు నా పక్కన ఎవరున్నారో చూడలేదా నువ్వు? కొడుకులకు ఇవ్వకుండా నీకెందుకిచ్చాను? వాళ్లు వాళ్లమ్మ పోలిక, కవర్లు వేసి ఉంచుతారు. నువ్వయితే ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పెట్టకపోతావా అనుకున్నాను."

మామగారు నిట్టూర్చి, తను అడిగేది ఇంక ఎక్కువేం కాదన్నారు. ఈ వయసులోనైనా తన కారులో ఒక్కసారి మంచి సీట్లో కూర్చోవాలని ఉందట. ఇందాక సెలూన్‌లో ఒక ఎర్ర సీట్లో కూర్చున్నారట. నడుం నొప్పి సంగతే మర్చిపోయారట. కళ్లు మూసుకుంటే తన కారు దానంతటదే కొండ మలుపులు తిరుగుతున్నట్టుందట.

"ఎక్కడివయ్యా ఇవి అని అడిగాను. ఎవడో బుద్ధిలేనివాడు పొద్దున్నే వచ్చి, ఇవి ఇచ్చేసి పాత కుర్చీలు పట్టుకుపోయాడట. ఉంటారయ్యా ఇలాంటివాళ్లు కూడా."

అల్లుడుగారు గోడకు ఆనుకున్నారు. ఇంకా దాచడంలో అర్థం లేదనిపించింది.

"ఆ బుద్ధిలేనివాణ్ణి నేనే మామయ్యగారూ."

మొదటినుంచీ అంతా చెప్పారు, కుక్క సంగతితో సహా. మామగారు వింటున్నకొద్దీ మొహం ఎర్రబడింది. అల్లుడుగారు కళ్లు దించుకుని, తాళాలు జేబులోంచి తీసి చాచారు. మామగారు ఆ తాళాలు తీసుకుని, అల్లుడి జేబులోకే మళ్లీ తోశారు.

"మార్చినందుకు నాకేం కోపం లేదు. మార్చినదాన్ని మళ్లీ ఊడబీకావే, దానికి. పద."

ఇద్దరూ సెలూన్‌కి వెళ్లారు. యజమాని పొద్దుటి మాట గుర్తుచేశాడు. పేపర్ పెద్దాయన గడ్డం మీద తువ్వాలుతోనే లేచి సాక్ష్యం చెప్పాడు. బెల్టు పెట్టుకుని పడుకున్నాయన కూడా కళ్లు తెరిచి, తను నిద్రపోతున్నా ఆ మాట విన్నానన్నాడు. అలాంటి సీట్లే ఇంకో జత చేసిపెట్టమని రోడ్డు దాటి మేస్త్రిని అడిగితే, ఆయన ఎంతో నమ్మకంగా రేపు రమ్మన్నాడు. పనిలో పనిగా కుక్క ఏమైందని కూడా అడిగాడు.

సీట్లు వచ్చేదాకా ఉండిపోవడానికి, ఈ ఊరి గాలి నచ్చిందని చెప్పి మామగారు అత్తగారిని ఒప్పించారు. ఇప్పుడు ఆయన రెండు పూటలా అల్లుణ్ణి వెంటబెట్టుకుని సెలూన్‌కి వెళుతున్నారు. మూడో పూట కూడా వెళ్లేవారే గానీ, ఇద్దరి మొహాల మీదా గీయడానికి ఏమీ మిగలడం లేదు.